మూడో నంబరు

నిజం చెప్పేస్తాను,
ఆ పూట ఓడిపోదామనే లోపలికి వెళ్లాను.

పదకొండు రోజులుగా జార్జియాలో
ప్రతి భోజనమూ ఒక పరీక్షే.
మన అక్షరాలకి దూరపు చుట్టంలా గుండ్రంగానే ఉండి
ఒక్క ముక్కా అంతుపట్టని లిపి.
పేరు తెలియని గిన్నెని వేలితో చూపించడం,
వచ్చింది వచ్చినట్టు తినడం,
బాగుందని కళ్లు పెద్దవి చేసి చెప్పడం.
కొత్తదనానికీ అజీర్తి చేస్తుంది.

కుతాయిసి బస్‌స్టాండు. సన్నటి వాన.
ఇటు రేకుల కప్పు కింద ఒకావిడ
రాజ్మా ముద్ద కూరిన రొట్టెలు పొయ్యిలోంచి తీసి
దుప్పటి కింద దాస్తోంది,
నిద్రపోయే పిల్లల్ని కప్పినట్టు.
అటు ఎర్ర బోర్డు, గాజు తలుపు, బర్గర్లు,
బొమ్మలతో అంకెలతో మెనూ.
ఆవిడ నన్ను చూసి ఏదో అంది.
బేరం కాబోలనుకుని
విననట్టు తలుపు తోశాను.

లోపల ఏ ఊరూ లేదు.
అదే నూనె వాసన, అదే పసుపు వెలుతురు,
తడి గుడ్డతో తుడిచీ తుడవని అవే బల్లలు.
మూడు వేళ్లు చూపించాను.
మూడో నంబరు వచ్చింది.
ఎక్కడికెళ్లినా దానిది అదే ముఖం,
ఎక్కణ్ణించి వచ్చావని అడగదు.
సిగ్గేసింది.
హాయిగానూ ఉంది.

ఎదురు బల్ల దగ్గర ఒక ముసలాయన
గుళ్లోకి వచ్చినట్టు ఉన్ని టోపీ తీసి
ఒళ్లో పెట్టుకున్నాడు.
పక్కన మనవరాలు, కాళ్లు నేలకి అందడం లేదు.
కౌంటరు దగ్గరి తమూనా చెప్పింది,
తన అర ఇంగ్లీషుతో, నా అర ఇంగ్లీషుకి:
ఆయన ముర్జాకాన్, ఆ పిల్ల నుత్సా,
పై కొండల్లోంచి కళ్లద్దాల కోసం దిగొచ్చారట.
డాక్టరు దగ్గర కదలకుండా కూర్చుంటే
బర్గరని తాత మాట.

నుత్సా కొత్త అద్దాల్లోంచి
గోడ మీది బోర్డంతా పైకి చదివేస్తోంది,
ధరలతో సహా.
ముర్జాకాన్ కెచప్ పొట్లాన్ని
నాలుగు వైపులా తిప్పి చూసి
జేబులోంచి కత్తి తీశాడు.
లేచి వెళ్లి, మూలనున్న గంటు దగ్గర చింపి ఇచ్చాను.
ఆ గదికి నేనే స్థానికుణ్ణి.
వాళ్లే పరదేశం వచ్చారు.

ఆయన ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి
సంచిలోంచి గళ్ల తువ్వాలు మూట విప్పాడు.
మాంసం కూరి కాల్చిన రొట్టె.
కుబ్దరి, కుబ్దరి, అంది నుత్సా
నాకు చెవుడేమో అన్నంత గట్టిగా.
బయటి తిండి కూడదనే బోర్డుకి
తమూనా వీపు ఆనించి నిలబడింది.
కెచప్ కోసం తీసిన కత్తితోనే కోసి
నా ట్రేలో, ఫ్రైస్ మీద,
పెద్ద ముక్క పెట్టాడాయన.

కొరికాను.
ఉప్పు, వెల్లుల్లి, కొవ్వు,
వాటి వెనకనుంచి ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు
మెంతి.
ఊరగాయ జాడీలోని మెంతి కాదు,
దానికి చెల్లెలి వరస.
నీలంగా పూస్తుందట అక్కడ.
ముఖం తెలుసు, ఇంటిపేరు తెలియదు.
నమలడం ఆపి కూర్చున్నాను.

నుత్సా బర్గర్‌లోంచి దోసకాయ ముక్క ఏరి
తాత పళ్లెంలో పడేసి
మిగిలిందంతా కళ్లు మూసుకుని తింది.
కొత్త అద్దాల వెనక, కళ్లు మూసుకుని!
విదేశాల్లో బర్గర్ తినేవాళ్ల మీద
నేను చాలా ఉపన్యాసాలిచ్చాను గతంలో.
అవి ఎవరైనా మర్చిపోతే బాగుండు.

బయటికొచ్చాం. ముగ్గురిదీ ఒకే బస్సు.
రేకుల కింది ఆవిడ మళ్లీ అదే మాట అంది.
సిగరెట్టు కోసం వెనకే వచ్చిన తమూనాని అడిగాను,
రొట్టె ఎంతంటోందని.
తమూనా నవ్వింది.
"ధర చెప్పడం లేదు.
తడుస్తున్నావు, కిందికి రా అంటోంది."

వెళ్లి నిలబడ్డాను.
దుప్పటి వెచ్చగా ఆవిరి వదులుతోంది.
మూడు వేళ్లు చూపించాను.
మూడు రొట్టెలు వచ్చాయి.