పెర్త్ నుంచి సిడ్నీకి ఎన్ని చుట్టలు

మా మేనమామ దూరాన్ని చుట్టల్లో కొలిచేవాడు.
తుని సంతకి రెండు,
అన్నవరం మెట్ల దాకా మూడున్నర.
ఎదురుగాలి కొట్టిన రోజు
చుట్ట గబగబా కాలిపోయి
ఊరు అవతలికి జరిగేది.

ఈ సంగతి
పెర్త్ విమానాశ్రయంలో తనిఖీ కుర్రాడికి చెప్పలేను.
అతని చూపంతా నా చేతిలోని నీలం పెట్టె మీద.
"ఎక్స్‌రేలో పెట్టకూడదు నాయనా"
ఉత్తరం చూపిస్తాను.
చదువుతాడు. పై అధికారిణిని పిలుస్తాడు. ఆవిడా చదువుతుంది.
ఆ తర్వాత ఇద్దరూ కలిసి
నిద్రపోతున్న పసిబిడ్డని చేతులు మార్చినట్టు
పెట్టెని అవతలికి దాటిస్తారు.

లోపల ఉన్నది ఎవరిదో మూలుగ.
ఈ పొద్దున్నే తీశారు.
ఇచ్చినవాళ్ళ పేరు నాకు చెప్పరు
పుచ్చుకునేవాళ్ళ పేరూ చెప్పరు.
ఒక నంబరు, ఒక ఆసుపత్రి,
రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య ఉండాలన్న షరతు,
డెబ్బై రెండు గంటల ఆయువు.
బడి లాబులో ముప్పయ్యేళ్ళు బీకర్లు కడిగిన చేతులు కదా,
దేన్నయినా జారవిడవవని
నన్ను పంపుతారు.

మూడు వేల మూడు వందల కిలోమీటర్లు, అంటుంది కాగితం.
నాలుగు గంటల పది నిమిషాలు, అంటుంది టికెట్టు.
"వెనకగాలి బాగుంది, పావుగంట ముందే దిగుతాం"
అన్నాడు పైలట్.
ఎవరూ తలెత్తలేదు.
నేను మాత్రం కిటికీ వైపు తిరిగి
ఆ గాలికి ఒక నమస్కారం పెట్టుకున్నాను.

పక్క సీట్లో డూగల్, గనుల్లో ఎలక్ట్రీషియన్.
"పెట్టెలో ఏముంది, చేపలా?"
చెప్పాను.
చాపుకున్న పొడుగు కాళ్ళు ముడుచుకున్నాడు,
సిడ్నీ దాకా మళ్ళీ చాపలేదు.

కింద నల్లార్బార్.
చెట్టు లేదని ఆ పేరుకి అర్థమట.
నా తెలుగు చెవికి నల్లగా వినిపిస్తుంది,
చూస్తే పాలిపోయిన నేల,
గంటన్నరైనా తెగదు.

వాచీ రెండు గంటలు ముందుకి తిప్పాను.
పెట్టె ఆయువు మాత్రం తిప్పితే తిరిగేది కాదు.
మామయ్యా, ఇక్కడ చుట్టలు కాల్చనివ్వరు,
లెక్క ఎలా చెప్పను నీకు?

రాత్రి పదింపావు.
నర్సు ఉష్ణోగ్రత రాసుకుంది, సంతకం పెట్టింది,
"చలిగా ఉంది, టీ తాగుతారా?" అంది.
ఆవిడ వెనకే తలుపు రెక్కలు మూసుకుంటుంటే
లోపలెక్కడో ఎవరో దగ్గారు.
ఆ మనిషేనో, కాదో.

తిరుగు ప్రయాణం అయిదు గంటలు.
అదే ఆకాశం, అన్నే కిలోమీటర్లు,
ఈసారి గాలి ఎదురు.
బరువుతో వెళ్ళినప్పుడు దగ్గరైన ఊరు
వట్టి పెట్టెతో వస్తుంటే జరుగుతూ పోతోంది.
"పైన పెట్టమంటారా?" అంది ఎయిర్‌హోస్టెస్.
వద్దన్నాను, అలవాటు.
కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను.

పక్క సీట్లో నాలుగేళ్ళ పిల్ల,
బూటు కాలితో
పెట్టెని తంతోంది,
టక్, టక్, టక్.

తన్ననీ.