రెండో బేస్‌మెంట్

హొసరోడ్డు పక్కన, తొమ్మిదంతస్తుల కింద,
రెండో బేస్‌మెంట్‌లో నా కుర్చీ.
పద్నాలుగో నంబరు కారుకు సరిగ్గా పైన
కప్పుకు మూడు తెల్లటి పుల్లలు మొలిచాయి.
లోపల బోలు. కొసన చుక్క.
పడబోతుంది. పడదు.

ఇది నాకు తెలుసు.
మా ఊరి నాపరాతి గనులు దాటితే ఏదులగవి.
మేకపిల్ల జారిపోయిందని దస్తగిరీ నేనూ దిగాం,
నడుముకు బావి చేంతాడు,
పాత లుంగీ చుట్టిన కట్టె, సీసాలో కిరసనాయిలు.
బోర్లా పడుకుని చెంప నేలకానించి
ఊపిరి పూర్తిగా వదిలితేనే పట్టే సందు.
అవతల, ఉన్నట్టుండి, లేచి నిలబడ్డాం.
దివిటీ ఎత్తితే కప్పు దొరకలేదు.
దస్తగిరి "ఓ" అన్నాడు.
గవి చాలాసేపు ఆలోచించి
ఎవరో ముసలాయన గొంతుతో "ఓ" అంది.

మేకపిల్ల సంగతే మరిచిపోయాం.
(అది అప్పటికే ఇంటికొచ్చి గుంజ దగ్గర నెమరేస్తా ఉండె.)

వేలాడే రాతిని తాకబోతే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.
"ముట్టగాకు మద్దిలేటీ,
మనిషి జిడ్డు తగిల్తే పెరగడం మానేస్తాదంట. మా జేజి చెప్పింది."
వేలెడు పెరగడానికి ఎన్నేండ్లో
ఆరో తరగతి లెక్కలకు అందలేదు.

ఇక్కడ ఆర్నెల్లకే వేలెడు.
బెంగళూరుకు ఇందులోనూ తొందరే.

సెక్రటరీ పొన్నప్ప గారు తలెత్తి "లీకేజీ" అన్నారు.
చుక్క పడి కారు రంగు పోయిందని
పద్నాలుగో నంబరాయన గ్రూపులో ఫొటో పెట్టాడట.
సోమవారం గీకడానికి మనుషులొస్తారు.

ఆదివారం రాత్రి రెండింటప్పుడు కరెంటు పోయింది.
జనరేటరు అందుకునేలోగా పదకొండు సెకన్లు.
టార్చి వెయ్యలేదు.
కార్లన్నీ బండలయ్యాయి.
ఎవరూ లేరు కదా అని, సన్నగా, "ఓ" అన్నాను.
జవాబు వచ్చే లోపే లైట్లొచ్చాయి.

గీకేశారు. చీపురుతో ఊడ్చేశారు.
ఒక్క పుల్లను మాత్రం, చేత్తో ముట్టకుండా,
రుమాలుతో ఎత్తి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను.

దస్తగిరికి ఫోన్ చేశాను.
ఏదులగవి ఉన్న చోట ఇప్పుడు సిమెంటు కంపెనీ క్వారీ,
వాడక్కడ టిప్పరు తోలతాడు.
అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి,
"ఆ రాయే నీ నెత్తిమీద ఉండాదేమోరా,
నేనే తోలి ఉంటా" అన్నాడు.

గురువారానికి అదే చోట మళ్లీ తడి.
పొన్నప్ప గారికి చెప్పలేదు.
కుర్చీ కొంచెం జరుపుకున్నాను,
చుక్క దారికి అడ్డం లేకుండా.