మూడో పిలుపు

మళ్లా చూస్తా ఉండా ఆ డిటెక్టివ్ సీరియల్ని,
ఈసారి అరచేతిలో,
గ్రీమ్స్‌పేట మిద్దె మీద, దోమల బత్తి పక్కన.
అప్పుడైతే ఆదివారం రాత్రి
వీధి వీధంతా మా నడవలోనే.
యాంటెనా తిప్పేదానికి మురగేశు పైన.
"వచ్చిందా?"
"బొమ్మొచ్చింది, మాట రాలే!"

ఏదో చలిదేశం కోర్టు.
చెక్కగూట్లో పన్నెండు మంది.
"వాళ్లెవురు నాయనా?"
"జూరీ అంటారు మే. తప్పెవురిదో వాళ్లే చెప్పాల."
"మనకు లేరా?"
"ఎప్పుడో ఉండిరంట, తీసేసినారు.
పన్నెండు మందిని కొనాలంటే ఎంత ఖర్చు!"
నడవంతా నవ్వింది.
అందులో నాయన నవ్వే పెద్దది.

గొంతే అంత.
చిత్తూరు కోర్టులో పిలుపుల బంట్రోతు.
వరండాలో నిలబడి పేరు పిలిస్తే
టీకొట్లో గ్లాసులు దిగేవి,
స్టాంపులాయన కలం ఆగేది,
వేలూరు బస్సెక్కినోడు కూడా దిగి పరిగెత్తొస్తాడని
వకీళ్లు చెప్పుకునేవాళ్లు.

నాకు గుర్తుండింది డిటెక్టివ్ ఒక్కడే,
జేబులోంచి శనక్కాయలు వలుచుకుంటా
అందరి మొహాలూ చదివేవాడు.
ఈ రాత్రి వాడు కంటికి ఆనలేదు.
ఏడో కుర్చీ మనిషినే చూస్తా ఉండా,
కవరు తీసుకున్నోణ్ణి.
అప్పుడు ఉత్త దొంగ.
ఇప్పుడు చూస్తే
కవరు జేబులో పెట్టుకునే ముందు
వంగి, కూతురి కొత్త బూట్లకు తాళ్లు కడతా ఉండాడు.

వెనక్కి జరిపినా.
మళ్లా చూసినా.

నాయన నవ్విన ఆ ఆదివారం
మంచం కింద మల్గోవా బుట్ట ఉండింది.
బెల్లం మండీ ఆసామి పంపింది.
గడ్డి తీస్తే ఒక్కోటి నా తలకాయంత.

సోమవారం పెనుమూరు చెంగమ్మ కేసు.
కూలి అడిగితే కట్టెతో కొట్టినాడని.
గేటు పక్కన సద్దిమూట విప్పుకొని
చెవులు కోర్టు మీదే పెట్టి కూచోనుండాది.
నాయన మూడుసార్లు పిలిచినాడు.
లెక్క తప్పలే.
మూడుసార్లూ,
నిద్రపోయే బిడ్డ లేస్తుందేమోనని
తలుపు దగ్గరికేసినట్టు.
క్యారియర్ పట్టుకొని మెట్ల మీదుండిన నాకే
సరిగా వినపడలే.
ఫిర్యాది గైరుహాజరు.
కేసు కొట్టేసినారు.

గొంతు పట్టేసిందనుకున్నా.
ఇంటికొచ్చి అమ్మను మిరియాల పాలు కాయమన్నా.
నాయన తాగినాడు, నా పక్క చూడకుండా.
ఆ వారం నాలుగు పండ్లు తిన్నా నేను.
పీచు లేదు.
ఆ ఒక్క సంగతీ ఏ కోర్టులోనైనా చెప్పగలను.

ఇంకా పన్నెండు నిమిషాలుంది.
డిటెక్టివ్ శనక్కాయ పొట్టు దులుపుకుంటా లేచినాడు,
అంతా బయటపడతాది, తెలుసు.
ఆ బూట్ల పిల్ల కోసమే చివరిదాకా చూసినా.
సీరియలోళ్లు
మళ్లా చూపించలే.