కంటి కాడ

ఇస్కపల్లి దాటినాక, సముద్రానికీ సరుగుడు తోపుకీ నడిమిన
మా రొయ్యపిల్లల హేచరీ.
రాత్రి డ్యూటీ నాది.
చన్నీళ్ళ తొట్టెలో తల్లి రొయ్యని అరచేతిలో ఒద్దికగా పట్టి
ఒక కన్ను, ఒక్కటే,
కాల్చిన పటకారుతో కాడ కాడికి నొక్కేస్తా.
పన్నెండేళ్ళుగా.
ఎన్ని కళ్ళో కంపెనీ పుస్తకంలో ఉంటాయి.

నాలుగో రాత్రికి దాని వీపున నారింజ గీత లేస్తుంది.
ఐదో రాత్రికి గుడ్లు.
ఎందుకట్టా అని అడిగితే
పని నేర్పిన మాలకొండయ్య
"కన్ను పోతే కడుపు పండుద్ది" అన్నాడు.
అదేదో సామెతనుకుని ఊరుకున్నా.

ల్యాబులో కొత్తగా చేరిన షమీమున్
టీ గ్లాసు అంచు తుడుస్తా చెప్పింది:
కంటి కాడలో చిన్న సంచి ఉంటాదక్కా,
దాన్నిండా పూసల గొలుసులు.
ఒక గొలుసు పోయి నెత్తుట్లో చక్కెర లేపుద్ది.
ఒక గొలుసు పోయి గుడ్డుసంచితో
"ఇప్పుడే కాదు, ఆగు" అంటాది.
నువ్వు కన్ను కోస్తన్నాననుకుంటన్నావు,
కోసేది ఆ "ఆగు" అనే మాటని.

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.
దిగకపోతే కుదరదు. సూది వేసుకున్నాక తినాల్సిందే.
ఒకసారి తినకుండా తొట్టెలో చెయ్యి పెట్టా,
చెయ్యి వణికిందో రొయ్య వణికిందో తెలీలేదు,
ఒళ్ళంతా చెమట,
కొంగున కట్టుకున్న పటికబెల్లం ముక్క
దారి తప్పిన నన్ను లాక్కొచ్చింది.

నా మందు సీసా హేచరీ ఫ్రిజ్‌లోనే,
పచ్చ నాచు సీసాల పక్కన.
కరెంటు పోతే రొయ్యల కోసం జనరేటర్ లేస్తుంది,
వాటి పుణ్యాన నా సీసా చల్లగా ఉంటుంది.

నాదాంట్లో ఎన్ని పూసలే, అనడిగా.
షమీమున్ వేళ్ళు మడిచింది:
రెండు పేటలక్కా. ఒకటి ఇరవై ఒకటి, ఒకటి ముప్పై,
మధ్యన గంధకం కొక్కేలు.
అలవాటుగా మెడ తడుముకున్నా.
నా రెండు పేటల దండ కావలి బ్యాంకులో ఉంది.

ఒళ్ళంతా తపాలా అంట.
ఆకలని చెప్పేదొకటి, చాలని చెప్పేదొకటి,
కాలేయం తలుపు తట్టి
దాచిన చక్కెర బయటపెట్టమనేదొకటి.
నా ఒంట్లో ఒక ఉత్తరం రాసేవాడు పోయాడు.
వాడి చేతిరాత యాడో ఫ్యాక్టరీలో
కంటికానని పురుగొకటి నేర్చుకుని
రాసి రాసి, సీసాకి ఎత్తి పంపుతా ఉంది.
ఆ పురుక్కి మొక్కాలంటే ఏ దిక్కుకి మొక్కాల?

పోయిన నెల పొగతోటలో కళ్ళ డాక్టరమ్మ
చుక్కలేసి, గడ్డం స్టాండు మీద పెట్టమంది.
ఎడమ కంట్లో నెత్తురు చెమ్మ.
చక్కెర చేసిన పని. లేజరు పెట్టాల.
కదలొద్దు, అంది.
కదల్లా.
చన్నీళ్ళలో అదీ కదలదు.

ఇప్పుడు కొనేవాళ్ళు
కన్ను కొయ్యని తల్లి పిల్లలే కావాలంటన్నారంట.
నాలుగో తొట్టెని అట్టనే వదిలేశారు.
"ఎప్పుడు పెడతాయో ఎవడు చూడొచ్చాడు"
మాలకొండయ్య సణుగుడు.
పటకారు గోడ మేకుకి తగిలించి
ఒంటి కంటితో, టార్చితో
నేనే చుట్టూ తిరుగుతున్నా.
వెలుగు పడితే జంట జంటగా నిప్పురవ్వలు.
వీపులన్నీ ఖాళీ.

పదకొండో రాత్రి ఒకదానికి
ఉందా లేదా అన్నంత సన్నగా, నారింజ.
టార్చి ఆర్పి మళ్ళీ వేశా. ఉంది.

ఎవరూ కొయ్యలేదే,
మరి దానికి "ఆగింది చాలు" అని ఎవరు చెప్పారు?
షమీమున్‌ని అడగాలని ల్యాబు కాడికి పోయా.
బల్ల మీద తలపెట్టి నిద్రపోతా ఉంది.
ఫ్యాను స్పీడు తగ్గించి,
రిజిస్టరులో రాశా:
తొట్టె నాలుగు. ఒకటి. రెండు కళ్ళూ ఉన్నాయి.