కాటా రూము

పొద్దున తుడిచిన రిజిస్టరు మీద
మధ్యాన్నానికి మళ్ళీ నాపరాయి దుమ్ము.
ఎర్రగుంట్ల రోడ్డులో అరవై టన్నుల కాటా మాది.
లారీ ఎక్కుతాది, ఎర్ర అంకెలు ఉరుకుతాయి.
అవి నిలబడినాకనే రాయాలని
మొదటిరోజే నేర్పించినారు.

ఆషాఢంలో ఒక రాత్రి నిలబడకముందే రాసినా.
మూడు లారీలు, రెండేసి టన్నులు తక్కువ.
"నేనుండా గదా సుంకులమ్మా, సంతకం పెట్టు"
అన్నాడు మేనేజరు చెన్నకేశవులు.
పెట్టినా.
ఉద్యోగం గుర్తొచ్చింది, అంతే.

నెల తిరగ్గానే ఆ చీటీల ఫోటో నా ఫోనులో.
కింద ఒక్క ముక్క: సంతకం ఎవరిది?
నెలకు మూడు వేలు, బామ్మర్ది నంబరుకు ఫోన్‌పే.
లేకుంటే ఓనరుకు, ఆమైన స్టేషనుకు.
నాలుగు నెలలు కట్టినా.
నాలుగు నెలలూ ఇంట్లో బేడలు పల్చనయినాయి.
అన్నీ తూచేదాన్ని,
ఈ భయం మాత్రం ఎన్ని కేజీలో తెలీలా.

ప్రొద్దుటూరు కోర్టులో ఆడోళ్ళకు ఊరికే వకీలునిస్తారని
టీ అంగడి మాబున్ని చెప్తే పోయినా.
షమీమ్ మేడం కండ్లద్దాలు ముక్కు చివరికి జారినాయి.
మెసేజీలన్నీ తీసేద్దామనుకుంటి మేడం, అంటే
గభాల్న ఫోను లాక్కునింది.
"తీసేస్తివా, నిన్ను నువ్వే తీసేసుకున్నట్టు.
కట్టిన మూడు వేలు పోయిందనుకుంటాండావు గానీ,
తేదీతో సహా వాడు నీకిచ్చిన రసీదు అది."

మరి నా సంతకం?
మేడం వెంటనే బదులీలేదు.
ఫ్యాను కిర్రుమనింది.
"దానికి నువ్వు జవాబు చెప్పాల్సిందే.
చెప్పిచ్చుకునేది కోర్టు.
చెన్నకేశవులు ఎవుడు?"

చీటీ మీద మూడు వందల ఎనిమిది అని రాసింది.
లారీ నంబరు అనుకున్యా.
బెదిరించి డబ్బు గుంజితే పడే సెక్షనంట.
స్టేషనులో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టరు పోస్టు,
ఆడా కదలకపోతే మేజిస్ట్రేటు,
వాయిదాలు పడతాయి, చెప్పులరుగుతాయి,
ఉద్యోగం ఉంటాదని నేను మాటియ్యలేను, అనింది.
ఆ చివరి మాటకే నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

బస్సులో ఏడిస్తి. ముద్దనూరు వాళ్ళెవరో
కిటికీ సీటిచ్చినారు.

పొద్దున కాటా మీద కడప బండల లారీ,
డ్రైవరు హారను కొడతాండాడు.
చెన్నకేశవులు తలుపు కాడ నిలబడి
ఈసారి ఐదు వేలన్నాడు, మెల్లగా.
నా చెయ్యి వణికింది. అంకెలు ఇంకా ఉరుకుతాండాయి.
"గుర్తుండదు సార్,
నంబరూ, ఎంతా, మెసేజి పెట్టండి" అన్యా.

ఎగాదిగా చూసి ఎల్లిపోయినాడు.
అంకె నిలబడింది. రాసుకున్యా.
బల్ల మీద ఫోను ఎలిగింది.
ఆయన పేరు కింద
టైపింగ్...