కావలి కోళ్లు

సోమవారం పొద్దున్న ఆరింటికి
రాబిన్‌వేల్ ఊరి చివర, పంపుహౌసు వెనక,
మర్విన్ కోడిని చంకలో ఇరికించుకుని
రెక్క విప్పి పట్టుకుంటాడు,
పాత గొడుగు తెరిచినంత జాగ్రత్తగా.
నేను ఈకలు పాయదీసి
నీలిదారం లాంటి నరం వెతికి సూది దించుతాను.
కాసిని చుక్కలు.
"అయిపోయింది తల్లీ" అంటాను.
నాలుగేళ్లలో మర్విన్‌కి పట్టుబడిన తెలుగు అదొక్కటే,
అదీ "టల్లీ" అంటాడు.
దానికి మా హైదరాబాదులో అర్థం వేరని
ఇంకా చెప్పలేదు.

ఇరవై కోళ్లు. కాళ్లకి నంబర్లు.
గుడ్ల కోసమూ కాదు, కూర కోసమూ కాదు,
దోమలు కుట్టడానికి పెంచుతున్నాం.

ఆ ఏడు మర్రీ నది గట్టు దాటి
ద్రాక్షతోటల్లోకి నడిచొచ్చింది.
వెనకే కొంగలు.
కొంగల నెత్తుట్లో కంటికి ఆనని బాటసారి.
దోమకి ఎంగిలి పట్టింపు లేదు.
కొంగని కుట్టిన నోటితోనే కోడిని,
ఆ నోటితోనే
కిటికీ తెరుచుకు పడుకున్న మనిషిని.
మనిషికైతే ఒక్కోసారి మెదడు వాస్తుంది.
కోడికి ఏమీ కాదు, కునుకైనా పట్టదు.
నెత్తుట్లో ఓ గుర్తు మిగుల్చుకుంటుంది,
దొంగ దూకిన గోడమీద మట్టికాలు అచ్చులా.

తన కోడి కూయకపోతే తెల్లవారదనుకుందిట ముసలమ్మ.
మావి పెట్టలు, కూయవు.
వాటి రక్తం కూస్తుంది,
మెల్‌బోర్న్ లాబులో, గురువారం మధ్యాహ్నం.

ఆ గురువారం పదిహేడు కూసింది.

టైర్లలో నీళ్లు, పూలకుండీ పళ్లేల్లో నీళ్లు,
కారిపోయే కొళాయి కింద మడుగు.
కరువులో చుక్కచుక్కా దాచమన్న నోటితోనే
పారబోయండి పారబోయండి అంటూ
ఇల్లిల్లూ తిరిగాను.
ఏటిగట్టున వ్యానులో పడుకునే సెమీసికి
దోమతెర ఇస్తే
"ఏ చేపలకీ వల?" అన్నాడు.
లోపలున్న చేప బతికే వల ఇది, అన్నాను.
ద్రాక్షతోట కొంచెట్టా తలుపు సగమే తీసింది:
"అరవై ఏళ్లుగా కుడుతున్నాయి, ఏమైంది?"
నా దగ్గర జవాబు లేదు.
మర్నాడు సాయంత్రం అటు వెళ్తే
ఆమె చొక్కా చేతులు మణికట్టు దాకా దిగి ఉన్నాయి.

ఆ వేసవి మా ఊళ్లో ఎవరూ మంచం పట్టలేదు.
కోడి వల్లా, తెర వల్లా,
గాలి అటు మళ్లడం వల్లా, తెలీదు.
రాని జ్వరం వేలిముద్ర వేసి పోదు.
కౌన్సిల్లో ఒకాయన మాత్రం లేచి అడిగాడు,
ఏమీ జరగని ఊరికి
ఇరవై కోళ్ల మేత ఖర్చెందుకని.
మర్విన్ టోపీ పెట్టుకుని బయటికొచ్చేశాడు.

పదిహేడుకి ఇక సూది లేదు.
ఓసారి కూసిన రక్తం కొత్త కబురు చెప్పదు.
దాన్ని తన పెరట్లోకి తీసుకెళ్లాడు,
అక్కడ గుడ్లు పెడుతోందిట, పెద్దవి.

దాని చోట్లో కొత్త పిల్ల పెట్ట, పొడుస్తుంది.
సోమవారం, ఆరు గంటలు.
మర్విన్ రెక్క విప్పాడు,
నేను సూది దించకముందే
"టల్లీ" అన్నాడు దాని చెవిలో.