పదకొండొందల నలభై

పెట్టె మీద పదమూడొందల ఎనభై అనుంది.
తెర మీద పదకొండొందల నలభై.
అక్కడే మేకు కొట్టినట్టు.
గుంతలోంచి బండ మోసుకుని పైకొస్తూ
రెండో గేరు దాటని లారీలాగా
మూలుగుతోంది గ్రాఫిక్స్ కార్డు.

ఒంగోలులో, కొత్తపట్నం రోడ్డులో, ఎవరిదో కొత్త ఇల్లు.
హాలుకి మా చీమకుర్తి నల్లరాయి.
రాయి పరవకముందే నేల చూడాలంట వాళ్ళకి.
కిటికీలోంచి పొద్దుటెండ పడి
రాగిరంగు చుక్కలన్నీ మినుక్కుమనాలంట.
ఒక్కో చుక్కా విడివిడిగా వెలుతురు పట్టుకోవాలి.
బొమ్మ పూర్తవడానికి పదకొండు గంటలంటోంది.
రేపు పదింటికి పంపాలి.

ఈ ఊళ్ళో ఏది ఆగినా మొదటి ముద్దాయి దుమ్మే.
మూత ఊడదీసి బ్లోయర్ పెట్టాను.
ఫ్యాను రెక్కల మధ్య నుంచి రాతిపిండి లేచి
కనుబొమల మీదా టీ గ్లాసులోనూ వాలింది.
"ముక్కుకి గుడ్డ కట్టుకో అమ్మాయ్,"
బల్ల మీంచి పోలేరయ్య అన్నాడు.
ఇరవై రెండేళ్ళు డ్రిల్లు పట్టాడు.
ఆ మాట ఆయనకి చెప్పినోళ్ళెవరూ లేరు.

మూత బిగించి చూశాను. పదకొండొందల నలభై.
పేస్టు గీకి కొత్తది పూశాను.
డ్రైవరు పీకి పాతది వేశాను,
పాతది పీకి ఇంకా పాతది.
కరెంటు తీగ మార్చాను.
పక్క ఫ్యాక్టరీలో కోత మిషన్లు ఆగి
వోల్టేజి కుదుటపడేదాకా
రాత్రి పదింటిదాకా కాచుకున్నాను.
పదకొండొందల నలభై.

విచిత్రం, ఒళ్ళు కాలట్లేదు. యాభై ఎనిమిది డిగ్రీలు.
కాలితే సరే, నెమ్మదించడంలో న్యాయం ఉంది.
దీనికి జొరం లేదు.
తొంభై వాట్లు తాగి
చాలని గ్లాసు బోర్లించి కూర్చుంటోంది.
మెమరీ ఒక్కటే, రాసినదాని కంటే జోరుగా ఉరుకుతోంది.

అప్పుడు గుర్తొచ్చాడు ఖాజావలి.
కందుకూరులో సగం ధరకి ఇస్తూ చెప్పాడు:
పాలకేంద్రం మేడ మీద గదిలో
ఇట్టాంటివి ఆరు, రాత్రింబవళ్ళు
కంటికి కనపడని నాణేలు తవ్వేవంట.
బిల్లు మిగలాలని
అన్నిటికీ తక్కువ తిండి నేర్పాడంట.
నవ్వొచ్చింది.
ఇదీ గనిలో చేసొచ్చిందే.
గని మూతబడి మూడేళ్ళయింది,
దీనికెవరూ చెప్పలేదు.

క్వారీ మానేసి ఎన్నాళ్ళయినా
మధ్యాన్నం ఒంటిగంటకి పోలేరయ్య
మాట్లాడుతున్నవాడు మాట ఆపి
చెవులు మూసుకుంటాడు.
పేలుడు టైము.

సెల్లు లైటు పళ్ళ మధ్య కరుచుకుని వెతికాను.
ఫ్యాను తొడుగు కింద, అంచున,
బియ్యపు గింజంత మీట.
అటుపక్క పుట్టినప్పటి బుద్ధి,
ఇటుపక్క ఖాజావలి రాసిన బుద్ధి.
కరెంటు తీసేసి
అగ్గిపుల్లతో అటు నెట్టాను.
టిక్కుమని కూడా అనలేదు.

పదమూడొందల ఎనభై!
ఫ్యాన్లు ఈలేశాయి.
అర్ధరాత్రి ఎవరికి చెప్పుకోను,
గోడ మీది బల్లికి తప్ప.
తెల్లారి ఎనిమిదింటికి తెర నిండా నేల.
నల్లగా, ఎండ పడి,
ఒక్క చుక్క మిగలకుండా వెలుగుతూ.

పోలేరయ్య వచ్చాడు, మూడు మెట్లకి రెండుసార్లు ఆగి.
తెరకి మొహం ఆనించి చూశాడు.
"రాయి మనదే.
కానీ అన్ని చుక్కలూ ఒక్కసారే వెలగవమ్మాయ్.
నువ్వు నడస్తా ఉంటే
ఒకటి ఆరిపోద్ది, ఇంకోటి అంటుకుంటది.
అదే దాని అందం."

ఆయనకి టీ చెప్పి
ఒంగోలుకి ఫోన్ చేశాను, సాయంత్రం దాకా గడువడిగి.
సగం చుక్కలు ఆర్పి
మళ్ళీ మొదలెట్టాను.